కడగని పెంకులు

గత వారం కెల్తూమ్‌ని ఎక్కడ వదిలామో గుర్తుందిగా. అగాదిర్‌లో, పరిశోధన సంస్థ మెట్ల మీద, చేతిలో చల్లారిపోయిన కాఫీతో, కళ్లలోకి నీళ్లు రానివ్వకుండా నిలబడి ఉంది. అంతకు పది నిమిషాల ముందే విభాగాధిపతి ప్రొఫెసర్ మక్కీ నలుగురి ముందూ ఆమెను అడిగాడు. "ఆ మొదటి అంకెలు యంత్రం ఇచ్చిందా, నువ్వే వేసుకున్నావా?"

ఆ అంకెలు ఒక నల్ల పలకవి. అరచేతి కన్నా పెద్దది కాదు. జింక్-గాలి బ్యాటరీలో ఒక పక్క జింక్ రేకు ఉంటుంది, రెండో పక్క బయటి గాలి పీల్చుకునే పలక ఉంటుంది. జింక్ ఎవరైనా కొనుక్కోవచ్చు. కష్టమంతా ఆ గాలి పలకతోనే. కెల్తూమ్ దాన్ని నూనె తీసే అర్గాన్ కాయల పెంకు కాల్చిన బొగ్గుతోనూ, ఇమినీ గనుల మాంగనీసు పొడితోనూ చేసింది. రెండూ సొంత నేల సరుకే. మొదటి పలక ఆరువందల గంటలు నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు, వ్యాసం పెద్ద పత్రికలో అచ్చయింది. ఆ తరువాత అదే పద్ధతిలో, అదే చేత్తో చేసిన పదకొండు పలకల్లో ఒక్కటి కూడా యాభై గంటలు దాటలేదు. చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు నోటికి అడ్డం పెట్టుకుని గుసగుసలాడుతున్నాయి. వచ్చే గురువారం కమిటీ కూర్చుంటుంది. ఆలోగా మొదటిదానిలాంటి పలక ఇంకొక్కటి చేసి చూపించాలి. లేకపోతే వ్యాసం వెనక్కి తీసుకుంటూ సంతకం పెట్టాలి. పెట్టిందంటే ఇక ఆమె పేరు అబద్ధాలకోరు పేరే.

ఒక్క చిన్న ఆశ మిగిలింది. మొదటి బొగ్గు సీసా అడుగున అంటుకుని ఉన్న చిటికెడు పొడిని ఆమె తోటి పరిశోధకుడు మూలీద్ గోకి తీసి పరీక్షకు పెట్టాడు. అందులో నత్రజని ఉండాల్సిన దానికి నాలుగింతలు ఉంది. తరువాతి బొగ్గులో పేరుకి కూడా లేదు. అంటే తేడా చేతిలో లేదు, పెంకులో ఉంది. పెంకులు పంపింది ఎవరు? ఐత్ బాహా కొండల్లో, తిగ్మీ అనే పల్లెలో, అందరూ మర్యాదగా లల్లా అని పిలిచే యెజ్జా నడిపే ఆడవాళ్ల నూనె సంఘం.

కెల్తూమ్ పుట్టింది ఆ పల్లెలోనే. ఆ మధ్యాహ్నమే బయలుదేరింది.

*

సంఘం పెరట్లో ఇరవై ఏడుమంది ఆడవాళ్లు గోడ నీడన వరసగా కూర్చుని కాయలు కొడుతున్నారు. ఒడిలో పెద్ద రాయి, చేతిలో చిన్న రాయి, మధ్యలో కాయ. ఒక్క దెబ్బకి పెంకు రెండు చెక్కలవుతుంది, పప్పు ఒక బుట్టలోకి, పెంకు ఇంకో బుట్టలోకి పోతుంది. కెల్తూమ్ పదిహేడేళ్లు వచ్చేదాకా ఆ వరసలో కూర్చుంది. ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరే.

లల్లా యెజ్జా లేచి ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి, నడుముకి తాళంచెవుల గుత్తి, నడకలో పోలీసు అధికారి దర్జా. పద్నాలుగేళ్ల కింద ముగ్గురు ఆడవాళ్లతో ఈ సంఘం పెట్టినప్పుడు నవ్వినవాళ్ల పేర్లన్నీ ఆమెకి ఇంకా వరసగా జ్ఞాపకం ఉన్నాయి. అవసరమైతే తారీఖులతో సహా చెబుతుంది.

"వచ్చిందమ్మా మా ఉస్తాదా, మా పంతులమ్మ. అంత చిక్కిపోయావేమే? అగాదిర్‌లో తిండి పెట్టరా, లెక్కలు పెడతారా?" అంటూ భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

నూనె సీసాలు అమ్మే గదిలో, నూనె నాణ్యత ధ్రువపత్రం పక్కనే, గాజు చట్రంలో కెల్తూమ్ వ్యాసం మొదటి పేజీ వేలాడుతోంది. చదవగలిగినవాళ్లు ఆ పల్లెలో ఎవరూ లేరు. అయినా కెల్తూమ్ పేరు కింద ఎవరో ఎర్ర గీత గీశారు. రచయితల వరస చివర్లో, సన్న అక్షరాల్లో, "పెంకులు ఇచ్చినది: తిగ్మీ మహిళా సంఘం" అన్న చోట రెండు గీతలు గీశారు. గాజు మీద దుమ్ము కణం లేదు. కెల్తూమ్ దానివైపు రెండోసారి చూడలేకపోయింది.

"నీ కోసం ఇంకో రెండు బస్తాలు పెట్టాను. ఇటు చూడు." యెజ్జా తలుపు పక్కన పరిచిన తెల్లటి గుడ్డ చూపించింది. దాని మీద పెంకులు ఆరబోసి ఉన్నాయి. నిగనిగలాడుతున్నాయి. పెళ్లివారి పళ్లెంలో బాదంపప్పులైనా అంత శుభ్రంగా ఉండవు.

కెల్తూమ్ ఒకటి తీసి చూసింది. నోట్లోంచి రాబోయిన ప్రశ్నను మింగేసింది. టీ తాగకముందు పని మాట ఎత్తితే తిగ్మీలో ఇంటి మీద ఉమ్మేసినట్టే లెక్క. కాబట్టి కూర్చుంది. పుదీనా టీ పైనుంచి ధారగా పడింది. రొట్టె వచ్చింది, బాదం, తేనె, నూనె కలిపి నూరిన అమ్లూ గిన్నె వచ్చింది. ఒక గ్లాసు అయింది, రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా ఇక ఆగలేకపోయింది.

"లల్లా యెజ్జా, ఈ పెంకుల్ని మీరు ఏం చేస్తున్నారు?"

"ఏం చేయడమేమిటి, కడుగుతున్నాం. మూడు నీళ్లు. మొదటిది బావి నీళ్లు, రెండోది వేడినీళ్లు. చివరి నీళ్లలో నారింజపువ్వు అత్తరు."

"అత్తరా?"

"చుట్టం చేతుల మీద ఏ నీళ్లు పోస్తాం? అవే. నీ ప్రయోగశాలకి పోయే సరుకు, ఊరి పరువు కదా. ఆరుగురు మూడు రోజులు కూర్చున్నారు. పురుగు తిన్నది, మచ్చ ఉన్నది ఒక్కటి ఉంటే చూపించు."

కెల్తూమ్ గ్లాసు కింద పెట్టింది. ప్రపంచంలో ఏ ముడిసరుకు అమ్మేవాడూ చేయని తప్పు ఇది. సరుకును అతిథిగా చూసి మర్యాద చేశారు. కానీ ఒక్క కడగడంతోనే నత్రజని అంతా పోదే.

"మొదటి బస్తా కూడా ఇలాగే కడిగారా?"

"అదీ ఇదే సరుకు." యెజ్జా జవాబు ఒక అరక్షణం ముందే వచ్చేసింది.

"కాదు లల్లా."

"కాదా? అంటే నేను అబద్ధం ఆడుతున్నానా?"

"నేను ఆడుతున్నానని అక్కడ అంటున్నారు," అంది కెల్తూమ్ మెల్లగా. ఆ తరువాత ఏదీ దాచలేదు. ఆరిపోయిన పదకొండు పలకల గురించి, మక్కీ ప్రశ్న గురించి, కమిటీ గురించి, గురువారం గురించి, ఆ చట్రంలోని కాగితం వెనక్కి తీసుకోవాల్సి రావడం గురించి చెప్పింది. బయట రాళ్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. కిటికీకి అవతల ఇరవై ఏడు జతల చెవులు వింటున్నాయని ఇద్దరికీ తెలుసు.

కెల్తూమ్ సంచీలోంచి చిన్న సీసా తీసింది. మొదటి బస్తా కుట్టు మడతల్లో ఇరుక్కుని దొరికిన మూడు పెంకు ముక్కలు అందులో ఉన్నాయి. వాటిని టీ పళ్లెంలో, కడిగిన పెంకుల పక్కన పోసింది. ఇవి నల్లగా, మొద్దుగా, జిడ్డుగా ఉన్నాయి. అవి పట్నం వాళ్లయితే ఇవి పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాయి.

"ఇవి ఎక్కడివి?"

యెజ్జా వాటివైపు చూడనైనా చూడలేదు, ముఖం తిప్పేసుకుంది. అప్పుడు కిటికీలోంచి ఒక ముసలి చెయ్యి లోపలికి వచ్చి, ఒక ముక్క తీసుకుని, బయటికి వెళ్లింది. గట్టిగా పీల్చిన శబ్దం, ఆ వెంటనే కిసుక్కున నవ్వు వినిపించాయి.

"ఇది మా వాళ్లదే," అంది రఖియా.

*

రఖియా డెబ్బై ఏళ్ల మనిషి. సంఘం వెనక గోడకి ఆనుకుని ఆమె ఇల్లు, ఇంటికన్నా పెద్ద దొడ్డి, అందులో పంతొమ్మిది మేకలు. అర్గాన్ చెట్టెక్కి పండు తినే మేకల్ని ఎవరూ ఆపలేరు. పండు తింటాయి, సాయంత్రం దొడ్డిలో నెమరు వేస్తూ కాయ ఉమ్మేస్తాయి. రఖియా ఆ కాయలు ఏరి, కొట్టి, పప్పుతో సబ్బు వండుకుంటుంది. పెంకులు దొడ్డిలోనే ఒక మూల పొయ్యి కోసం గుట్టగా పోస్తుంది. ఆ గుట్ట మీద మేకలు పడుకుంటాయి, ఎక్కుతాయి, దిగుతాయి, ఇంకా చేయాల్సినవన్నీ చేస్తాయి.

సంఘం గేటు మీద మూడు భాషల్లో బోర్డు ఉంది. "మా కాయలు చేత్తో ఏరినవి. మేకలు ముట్టనివి." విదేశాల కొనుగోలుదారులు మొట్టమొదట అడిగే ప్రశ్న అదే మరి. అందుకని సంఘంలో మేక అనే మాట ఎత్తినా యెజ్జాకి గిట్టదు.

యెజ్జా లేచి కిటికీ మూసింది. రఖియాని మాత్రం లోపలికి పిలిచింది. తాళాల గుత్తిని చేతిలో రెండుసార్లు తిప్పింది.

"అప్పుడు ఫోన్లో నువ్వేమన్నావో జ్ఞాపకం తెచ్చుకో," అంది చివరికి. "'ఏ పెంకైనా ఫర్వాలేదు లల్లా, ఎలాగూ కాల్చేసేదే' అన్నావు. కాల్చేసేదానికి మంచివి దండగెందుకని దీని దొడ్డి గుట్టలోంచి ఒక బస్తా ఎత్తించాను. ఆ తరువాత నీ పేరు అచ్చయిందన్నారు, మా పేరు కూడా పడిందన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదే. మన పిల్ల నలుగురిలో పెట్టుకునే సరుక్కి దొడ్డి చెత్త పంపానా అని సిగ్గుతో చచ్చిపోయాను. అందుకే ఆ తరువాత మూడు నీళ్లు."

కెల్తూమ్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు లాంటి శాలువా అంచుతో కళ్లు ఒత్తుకుంది. పొద్దుటి నుంచి ఆపిన నీళ్లు అవి. ఇంక ఆపలేదు.

"ఎందుకే ఏడుస్తావు?"

"మీ మూడు నీళ్లే నన్ను ముంచాయి లల్లా. ఆ గుట్టలో మేకలు పోసిందేదో, అదే నా పలకకి ప్రాణం. ఏడాదిపాటు పెంకులోకి ఇంకి, ఎండి, మళ్లీ ఇంకి, లోలోపలికి పోయింది. కాల్చినప్పుడు అందులోని నత్రజని బొగ్గులో అతుక్కుపోయింది. గాలి వచ్చి పట్టుకునేది ఆ అతుకుల్నే."

యెజ్జా నమ్మలేనట్టు చూసింది. "మేక ఉచ్చనా నువ్వనేది?"

"ఉచ్చే."

"పట్నంలో ఇంతింత చదువులు చదివి, చివరికి మేక ఉచ్చ దగ్గర తేలావా?"

"నలభై ఏళ్లుగా నేను చెబుతూనే ఉన్నాను, నా మేకల్ని తక్కువ చేసి మాట్లాడొద్దని," అంది రఖియా. పళ్లు లేని నోరు చెవులదాకా సాగింది. "వీళ్లందరూ నా ఇంటి ముందు ముక్కు మూసుకుని పోయేవాళ్లే."

"యూరియా కొని కలిపితే పోదా?" యెజ్జా అడిగింది. పొలాల్లో వేసేది ఆమెకి తెలుసు.

"అదీ చేసి చూస్తాను. దానికి నెలలు పడుతుంది, కుదరచ్చు, కుదరకపోవచ్చు. ముందు నేను అబద్ధం ఆడలేదని తేలాలి లల్లా. దానికి అవే పెంకులు కావాలి. రేపు కాల్చి, శని, ఆదివారాలు శుద్ధి చేసి, పలక ఒత్తి, సోమవారం పొద్దున ఎక్కిస్తే గురువారం పొద్దుటికి డెబ్బై గంటలు దాటుతుంది. యాభై దాటితే చాలు, నా మీద మచ్చ పోతుంది."

"అయితే పట్టుకుపో. గుట్టంతా పట్టుకుపో." యెజ్జా చెయ్యి విసిరింది. "కానీ ఒక్క మాట. ఎక్కడివని అడిగితే తిగ్మీవని చెప్పు. అంతే. మేక మాట కాగితం మీద పడకూడదు."

కెల్తూమ్ తల అడ్డంగా ఊపింది.

"రాయాలి లల్లా."

"రాస్తే ఏమవుతుందో తెలుసా? 'తిగ్మీ పెంకులు మేకలవి' అని చదువుతాడు ఆ కొనేవాడు. పెంకు మేకదైతే పప్పెవరిదని అడుగుతాడు. పద్నాలుగేళ్లు నిలబెట్టిన పేరు ఒక్క వాక్యంతో పోతుంది. ఆ బయట కూర్చున్నవాళ్లలో తొమ్మిదిమందికి ఇల్లు గడిచేది ఈ రాళ్ల మీదే. వాళ్ల మొహాలు చూసి రాస్తావా?"

"రాయకపోతే ఇంకెవరూ ఆ పలక చేయలేరు. తెలిసి దాచిపెడితే మక్కీ నన్ను అన్న మాట ఇవాళ్టి నుంచి నిజమవుతుంది."

"ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెలుస్తుంది." కెల్తూమ్ పళ్లెంలోని మిగతా రెండు ముక్కల్నీ సీసాలోకి తీసుకుంది. "మీ పేరు మీది లల్లా. మీరు వద్దంటే రాయను. రాయలేనప్పుడు పలకా చేయను. వెళ్లి సంతకం పెట్టేస్తాను. ఆ గోడమీది కాగితం మాత్రం నేను వెళ్లాక తీయండి. నా ముందు తీయొద్దు."

లేచి చెప్పులు వేసుకుంది. యెజ్జా చట్రంవైపు చూస్తోంది. రెండు ఎర్ర గీతలున్న ఆ సన్నటి అక్షరాల వైపు చాలాసేపు చూసింది. చదవడం రాదు కానీ ఏ అక్షరం ఎక్కడుందో ఆమెకి కంఠతా వచ్చు. పొద్దున్నే గాజు తుడిచేది ఆమేనని రఖియాకి తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

"నిలబడు," అంది యెజ్జా.

కెల్తూమ్ గుమ్మంలో ఆగింది.

"నాకు సిగ్గెందుకేసింది? దొడ్డి పెంకు పంపినందుకు. ఆ పెంకే నీ పేరు నిలబెట్టిందంటే, ఇక నేను దాన్ని చూసి సిగ్గుపడితే నాకన్నా తెలివితక్కువది ఎవరుంటారు?" తాళాల గుత్తిని నడుముకి తగిలించుకుంది. "రాయి. కానీ సగం సగం రాయకు. నూనె వేరు, పెంకు వేరు అని రాయి. పద్నాలుగేళ్లలో మేక ముట్టిన పప్పు ఒక్కటైనా మా సీసాలోకి పోలేదని అదే కాగితంలో రాయి. ఎవడైనా అనుమానపడితే నా దగ్గరికి రమ్మను, టీ పోసి మరీ చూపిస్తాను. కింద నా పేరు వెయ్యి. రఖియా పేరు నాకన్నా ముందు వెయ్యి."

"మేకల పేర్లు కూడా వేస్తారా?" రఖియా ఆశగా అడిగింది.

"నోరు మూసుకుని పోయి గుట్ట చూపించు."

రఖియా కదల్లేదు. నవ్వు మాయమైంది. శాలువా కొస వేళ్లకి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది.

"గుట్ట లేదు."

"లేదంటే?"

"పొద్దున పంపించేశాను. ఐత్ బాహా హమ్మాంకి. పొయ్యి చూసే బీహీ బండి తెచ్చి ఎత్తుకుపోయాడు. ఏటా ఇస్తాను కదా, ఏడాదంతా ఊరికే స్నానం చేయనిస్తాడు."

"ఏటా పండగ ముందు కదా ఇచ్చేది. ఇప్పుడెందుకిచ్చావే? ఎవరివ్వమన్నారు?"

"నువ్వే." రఖియా మెల్లగా తలెత్తింది. "సోమవారం ధ్రువపత్రం వాళ్లు తనిఖీకి వస్తున్నారు, సంఘం గోడ పక్కన దొడ్డి చెత్త కనపడితే ఊరుకోనని అన్నది నువ్వే. అంగుళం వదలకుండా ఊడ్చేశాను. కావాలంటే చూడు, నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు."

కెల్తూమ్ గోడకి ఆనుకుంది. అలాంటి గుట్ట ఇంకొకటి తయారవ్వాలంటే పంతొమ్మిది మేకలకి ఏడాది పడుతుంది. కమిటీకి ఉన్నది వారం.

యెజ్జా అప్పటికే బయటికి నడుస్తోంది. "కారు తియ్యవే ఉస్తాదా. ఇవాళ గురువారం. రేపటి జుమ్మా నమాజు కోసం ఊరు ఊరంతా హమ్మాంలోనే ఉంటుంది. వాడు పొద్దుట్నుంచీ పొయ్యి మండిస్తూనే ఉంటాడు."

*

హమ్మాం అంటే ఊరందరి వేడినీళ్ల స్నానశాల. దాని వెనక సందులో, మెట్లు దిగి నేలమాళిగలోకి పోతే బీహీ పొయ్యి ఉంటుంది. ముగ్గురూ దిగేసరికి బీహీ పార నిండా ఎత్తి, పొయ్యి నోటికి తిప్పుతున్నాడు. యెజ్జా వెళ్లి ఆ రెంటి మధ్యా నిలబడింది.

"దించు."

"లల్లా, కాలుద్ది, జరుగు."

"దించమన్నానా."

బీహీ పార దించాడు. ఎదుటి మనిషి యెజ్జా అయితే ఐత్ బాహాలో ఎవరైనా దించుతారు. "ఏమైంది? మీ గుట్ట కావాలా? పొద్దుటి నుంచి వేస్తూనే ఉన్నాను. ఈ మూల ఉన్నదే మిగిలింది. అదీ ఆలివ్ పిప్పితో, రంపపు పొట్టుతో కలిపేశాను. అలా కలిపితేనే నిదానంగా మండుతుంది."

కెల్తూమ్ మోకాళ్ల మీద కూర్చుని ఆ మూలలో చేతులు పెట్టింది. పిప్పి, పొట్టు, ఇంకెక్కడెక్కడివో పెంకులు, అన్నీ ఒకటే నలుపు. ఏది రఖియా దొడ్డిదో, ఏది బజారుదో చూపుకి తెలియడం లేదు. పదేళ్లు ఆమ్లాల మధ్య పనిచేసిన ఆమె ముక్కుకి అన్నీ ఒకటే వాసన.

"నాకు తెలియడం లేదు ఇమ్మి," అంది రఖియాతో, అమ్మని పిలిచే చిన్నపిల్లలా.

"నాకు తెలుస్తుంది. కానీ ఇంత ఏరాలంటే నా ఒక్కదానికి తెల్లవారుతుంది."

"మంట ఆపి వెతుక్కోండి అంటే కుదరదు," అన్నాడు బీహీ. "పైన నలభైమంది ఆడవాళ్లు ఒళ్లంతా సబ్బు పూసుకుని ఉన్నారు. నీళ్లు చల్లబడితే వాళ్లు నన్ను ఈ పొయ్యిలోనే వేస్తారు. వాళ్లతో నేను చెప్పలేను. మగాణ్ణి, లోపలికి కూడా పోలేను."

"నేను చెబుతాను," అంది యెజ్జా.

ఆమె పైకి వెళ్లింది. గోడకి అవతల నుంచి బిందెల చప్పుడు, మాటల హోరు వినిపిస్తున్నాయి. హఠాత్తుగా అన్నీ ఆగిపోయాయి. యెజ్జా గొంతు ఒక్కటే చాలాసేపు వినపడింది, మాటలు తెలియలేదు. తరువాత ఎవరో గట్టిగా నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. తరువాత నీళ్లు ధారగా పడిన చప్పుడు, చన్నీళ్లు పడ్డప్పుడు ఆడవాళ్లు పెట్టే కేకలు వినిపించాయి.

కాసేపటికి మెట్ల మీంచి ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు. తడి జుట్టుకి తువ్వాళ్లు, పైన పొడుగాటి జల్లాబా అంగీలు, చెవుల వెనక ఇంకా సబ్బు నురగ. పాతికమంది దిగారు. అందులో సగం చుట్టుపక్కల సంఘాల్లో కాయలు కొట్టేవాళ్లే. మెట్లు ఎక్కువ దిగలేని ఒక నిండు గర్భిణి పైమెట్టు మీద కూర్చుని, నాకూ ఒక బుట్ట అందివ్వండని అడిగింది.

"ఏదమ్మా, పేపర్లో పడ్డ పెంకు ఏది?" అంటూ రఖియా చుట్టూ చేరారు. రఖియా కెల్తూమ్ సీసాలోంచి ఒక ముక్క తీసి చేతుల మీదుగా పంపించింది. ఒక్కొక్కరూ ముక్కు దగ్గర పెట్టుకుని, తలాడించి, పక్కవాళ్లకి ఇచ్చారు. ఆ తరువాత ఎవరూ ఏమీ అడగలేదు. నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని ఏరారు. కెల్తూమ్ ప్రయోగశాలలో లక్షలు పోసి కొన్న యంత్రం ఉంది, పదార్థంలో ఏముందో చెబుతుంది, ఒక్క నమూనాకి నలభై నిమిషాలు తీసుకుంటుంది. ఇక్కడ ఈ ఆడవాళ్లు పెంకు ఎత్తి, ఒక్కసారి వాసన చూసి, కుడికో ఎడమకో వేస్తున్నారు. తప్పు పడితే పక్కావిడ సరిచేస్తోంది. వీళ్ల మధ్య పుట్టినందుకు అంత గర్వం కెల్తూమ్‌కి ఇంతకు ముందు ఎప్పుడూ కలగలేదు, వ్యాసం అచ్చయిన రోజున కూడా.

పొద్దు గూకి నమాజు పిలుపు వినిపించే వేళకి మూల ఖాళీ అయింది. ఏరినవన్నీ కలిపి కెల్తూమ్ చేతుల్లో పోశారు. సరిగ్గా దోసెడు.

దోసెడు పెంకులు కాలిస్తే చారెడు బొగ్గు అవుతుంది, శుద్ధి చేసేసరికి నాలుగు చెంచాల పొడి మిగులుతుంది. ఒక్క పలకకి సరిపోతుంది. కొలిమిలో వేడి ఒక పిసరు ఎక్కువైనా, ఒత్తేటప్పుడు చెయ్యి జారినా రెండో పలక లేదు.

"చాలా?" అంది యెజ్జా.

"చాలు. సరిపోయి తీరాలి."

"అయితే నేనూ వస్తున్నాను. కాలినంతసేపూ నీ కొలిమి పక్కనే కూర్చుంటాను. ఈసారి ఎవడైనా అంకెలు ఎవరు వేశారని అడిగితే, చూసినదాన్ని నేనున్నాను."

అప్పుడే కెల్తూమ్ ఫోన్ మోగింది. ఆమె దోసిలి నిండా పెంకులు. యెజ్జా ఆమె జేబులోంచి ఫోన్ తీసి, తడి వేలితో ఎక్కడో నొక్కింది. మాట అందరికీ వినపడేలా బయటికే వచ్చింది.

"కెల్తూమ్, మక్కీని. ఉపసంహరణ కాగితం తయారైంది. గురువారం దాకా ఎందుకు, రేపు పొద్దున వచ్చి సంతకం పెట్టెయ్. నీకే మంచిది."

"అమ్మాయి సంతకం పెట్టదయ్యా," అంది యెజ్జా.

"ఎవరు మాట్లాడేది?"

"తిగ్మీ సంఘం యెజ్జాని. ఆ పెంకులు మావి. మొదటిసారి పంపినవి ఏవో, మళ్లీ అవే తీసుకుని బయలుదేరుతున్నాం. రేపు పొద్దున కొలిమి ఖాళీగా ఉంచండి."

నేలమాళిగలో పాతికమంది ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి వింటున్నారు. మక్కీ మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో అధికారం లేదు. చాలా మెల్లగా, దాదాపు బతిమాలుతున్నట్టు అడిగాడు.

"ఆ దొడ్డి గుట్టలో ఇంకా మిగిలాయా?"

కెల్తూమ్ దోసిలి బిగుసుకుంది. దొడ్డి అనే మాట యెజ్జా ఫోన్లో ఎత్తనే లేదు. మరి మక్కీకి ఎలా తెలిసింది?